చాప మీద కూర్చోని పిల్ల

మా బడి రాజోలు నుంచి అంతర్వేది వెళ్ళే దారిలో, చర్చి ప్రహరీ లోపల ఉంటుంది. ఐదో తరగతి దాకానే. నడిపేది కతోలిక సిస్టర్లయినా చదివేవాళ్ళలో ఎక్కువమంది సముద్రం మీద చేపల వేటకెళ్ళే వాళ్ళ పిల్లలు, రొయ్యల చెరువుల మీద పనిచేసే వాళ్ళ పిల్లలు. పొద్దున్న ప్రార్థనలో మాతో పాటు చేతులు జోడించి, రాత్రి నరసింహస్వామికి దణ్ణం పెట్టుకుని పడుకుంటారు. ఆ రెంటికీ పేచీ ఉందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

సంబంధాలు, ఆరోగ్యం అనే పాఠం పెట్టాలని పైనుంచి మాట వచ్చినప్పుడు టీచర్లందరికీ ఒక్కసారే వేరే పనులు గుర్తొచ్చాయి. చివరికి అది నా మెడకు చుట్టుకుంది. నాకు నోరెక్కువ, సిగ్గు తక్కువ అని మా హెడ్మిస్ట్రెస్ సిస్టరు గారి అంచనా. శరీరాన్ని దేవుడే చేసినప్పుడు దాని గురించి మాట్లాడ్డానికి మనకెందుకు సిగ్గు అని నాకు ధైర్యం చెప్పారు గాని, నేను ఆ పాఠం చెప్పే రోజున మాత్రం ఆవిడకి ఆఫీసు గదిలోంచి కదలడానికి తీరేది కాదు.

వాళ్ళిచ్చిన పుస్తకం మీద నాకు మొదటి రోజే కోపం వచ్చింది. మొదటి బొమ్మలో అమ్మ, నాన్న, తాతయ్య, ఇద్దరు పిల్లలు ఒకే బల్ల చుట్టూ కూర్చుని భోంచేస్తున్నారు. నా క్లాసు పిల్లల్లో చాలామంది అమ్మలు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఎవరి ఇళ్ళల్లోనో వంట చేస్తున్నారు. నాన్నలు బోటెక్కితే ఎప్పుడొస్తారో తెలియదు. ఈ పిల్లలకి అమ్మంటే సాయంత్రం వీడియో కాల్‌లో కనిపించి, తిన్నావా, తల దువ్వించుకున్నావా అని అడిగే మనిషి. ఆ అమ్మకి పుస్తకంలో చోటే లేదు. పుస్తకం మూసేసి నాకు తోచినట్టు చెప్పడం మొదలుపెట్టాను.

పెద్దమనిషి అవడం గురించి చెప్పిన రోజున మగపిల్లల్ని బయటికి పంపలేదు. పంపితే కిటికీ దగ్గర చేరతారని తెలుసు. ముందు కాసేపు ఇకిలించారు, నేను చూసిన చూపుకి సర్దుకున్నారు. ఇది జబ్బు కాదు, పాపం కాదు, ఎవరూ వెక్కిరించే విషయం కాదు అని చెప్పాను. ఎలా శుభ్రంగా ఉండాలో, ఏం వాడాలో, వాడింది ఎలా పారెయ్యాలో చెప్పాను. ఒక్కళ్ళే దాచుకోకూడదు, నమ్మకమున్న పెద్దవాళ్ళకి చెప్పాలి అని కూడా అన్నాను. రెండో బెంచీలో కూర్చునే పిల్ల చెయ్యెత్తింది. ఆ పెద్దవాళ్ళు ఫోనులో ఉంటే పర్లేదా అని అడిగింది. అందరూ నవ్వారు. పర్లేదన్నాను.

ఆ పిల్ల తల్లి కువైట్‌ వెళ్ళేటప్పటికి దీనికి పాలపళ్ళు ఊడుతున్నాయి. తండ్రిది చేపల బోటు మీద పని. పెంచుతున్నది నాయనమ్మ, పిల్ల మామ్మా అని పిలిచేది. ఏ పనీ ఒకరితో చెప్పించుకునేది కాదు. క్లాసులో బోర్డు తుడవాలన్నా, చిన్నపిల్లలకి చెప్పులు తొడగాలన్నా ముందు అదే లేచేది. అంత బుద్ధి అంత చిన్నతనంలో ఉండకూడదని నాకు అనిపించేది.

కొన్ని నెలల తర్వాత ఒక సాయంత్రం బడి వదిలినా అది బెంచీ మీంచి కదల్లేదు. దగ్గరికి వెళ్తే నా చెవిలో చెప్పింది, అయ్యిందని. భయపడలేదు, ఏడవలేదు. అంతకు ముందు నెల కూడా అయ్యిందట. పాత చీర ముక్కలు బ్యాగులో దాచుకుని, మామ్మ చేపలమ్మడానికి వెళ్ళిన వేళ ఉతికి ఎండలో ఆరేసి, నేను పాఠంలో చెప్పినవన్నీ చెప్పినట్టే చేసిందట. నా పాఠం అంత బాగా ఒంటబట్టిందని సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మామ్మకి చెప్పావా అంటే తల అడ్డంగా ఊపింది.

"అమ్మ ఆగమందండి. నేనొచ్చేదాకా పెద్దమనిషివి అవ్వకే అందండి. సెలవుల్లో వచ్చేస్తందండి."

తల్లి ఆ మాట ఎప్పుడూ నవ్వుతూ అనేదట. ఫోనులో పిల్లని నిలబెట్టి చూసుకుని, ఎంత పొడుగైపోయావే అని మురిసిపోతూ అనేదట. ఎక్కడో ఉన్న తల్లి సరదాకి అన్న మాటని ఈ పిల్ల నెత్తిన పెట్టుకుని మోస్తోంది.

మా వైపు పిల్ల పెద్దమనిషి అయితే పచ్చి కొబ్బరాకుల చాప అల్లి మూలన దాని మీద కూర్చోబెడతారు. నువ్వులూ బెల్లం కలిపి దంచి చిమ్మిలి చేసి పెడతారు. తర్వాత స్నానం చేయించి, చుట్టాలందరినీ పిలిచి పేరంటం చేస్తారు. జన్మలో ఒక్కసారే ఆ ముచ్చట. మామ్మకి తెలిస్తే అదే పూట చాప పడుతుంది, కువైట్‌లో ఉన్న కోడలి కోసం ఆగదు. పిల్లకి కావలసింది ఒక్కటే, అమ్మ లేకుండా ఆ చాప మీద కూర్చోకూడదు.

పిల్లని ఒంటరిగా దాచుకోనివ్వడానికి నాకు మనసొప్పలేదు. సిస్టరు గారికి చెప్పాను. ముందు తల్లికి తెలియాలి, ఏం చెయ్యాలో తల్లే చెప్పాలి అన్నారావిడ. ఆఫీసు గదిలోంచి ఆవిడ ఫోనుతోనే చేశాం. పిల్ల రెండు మాటలు చెప్పి ఫోను నా చేతికిచ్చేసింది. అవతల ఆమె నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడుస్తున్నట్టుంది. తను పనిచేసే ఇంటి మేడమ్ పక్క గదిలోనే ఉందేమో.

"మా అత్తగారికి ఇప్పుడే చెప్పకండి," అంది. "సెలవడిగేనండి. ఆయ్, వచ్చేస్తానండి. నా పిల్లని నా చేత్తోనే కూర్చోబెట్టుకుంటానండి."

కన్నతల్లి అలా అడిగాక ఇంక మేమేం అనగలం? ఆ రోజు నుంచి నా బీరువా కింద అరలో ప్యాడ్ల ప్యాకెట్టు ఒకటి ఆ పిల్ల కోసం ఉండేది. చీర ముక్కలు చాటుగా ఉతికి ఆరేసుకునే బాధ తప్పింది.

ఆ వేసవిలో తల్లి రాలేదు. ఆ ఇంటి మేడమ్‌కి పురుడొచ్చింది, పసివాణ్ణి చూసే మనిషి కావాలి, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంది. దసరాకి పంపుతామన్నారు, తర్వాత మళ్ళీ వేసవికి అన్నారు. ఎవరి పిల్లాణ్ణో ఎత్తుకోవడానికి సొంతపిల్లకి దూరంగా ఉండాల్సిన ఆ బతుకు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండేది. ఎవరి మీద మండాలో మాత్రం తెలిసేది కాదు. ఈలోగా పిల్ల మా దగ్గర ఐదు పూర్తిచేసి హైస్కూల్లో చేరింది. నెలకోసారి గేటు దగ్గర సైకిలు ఆపి నా క్లాసుకొచ్చేది. అమ్మ సంగతి నేను అడిగేదాన్ని కాదు. వచ్చేస్తందండి అని అదే చెప్పి వెళ్ళేది.

అలా రెండేళ్ళు గడిచాక ఒక శనివారం మామ్మే పిల్లని వెంటబెట్టుకుని బడికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీరా పాఠం చెప్తారంట కదండీ," అంది. "దీని ఈడు పిల్లలందరూ అయిపోయేరండి. దీనికింకా అవ్వలేదండి. నా పెంపకంలో ఏం లోటొచ్చిందో చెప్పండి."

స్వామికి మొక్కుకుని శనివారాలు ఒంటిపూట తింటోందట. ఇరుగుపొరుగు వాళ్ళు అడుగుతుంటే తలెత్తుకోలేకపోతోందట. అమలాపురంలో ఎవరో మంచి లేడీ డాక్టరు ఉన్నారట, చెవుల దుద్దులు పెట్టయినా చూపిస్తానంది. నేను నెయ్యి వెయ్యలేదా, మినపసున్ని పెట్టలేదా అని పిల్ల వైపు తిరిగి అడిగింది. పిల్ల గుమ్మం దగ్గర నిలబడి కాలి బొటనవేలు చూసుకుంటోంది.

నిజం నా నాలుక చివరే ఉంది. కానీ అది నాది కాదు. ఏ లోటూ లేదని, డాక్టరు దగ్గరికి పరుగెత్తక్కర్లేదని, ఇంకో నెల చూడమని మాత్రం చెప్పాను. ముసలామె నా చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకుంది. నా వేళ్ళు తడిశాయి. నాకూ ఏడుపొచ్చింది.

మామ్మని వరండాలో కూర్చోబెట్టి పిల్లని లోపలికి పిలిచాను. ఇంక చాలమ్మా అన్నాను. మామ్మ నీకోసం కడుపు మాడ్చుకుంటోంది, చూశావు కదా అన్నాను. అది తలెత్తి నా వైపు చూసింది.

"అమ్మ రాదా అండీ?" అంది.

ఆ క్లాసులో ఏ ప్రశ్న అడిగినా తడుముకోకుండా జవాబు చెప్పేదాన్ని. దీనికీ జవాబు నాకు తెలుసు. కొద్దిరోజుల కిందటే తల్లి నాకు ఫోను చేసింది. మళ్ళీ కాంట్రాక్టు రాయించేసుకున్నారట, పిల్లకి చెప్పే ధైర్యం తనకి లేదంది. నా వైపే చూస్తున్న పిల్లకి అబద్ధం చెప్పలేకపోయాను. ఇప్పట్లో రాదమ్మా అన్నాను.

సరేనండీ అంది. బీరువా కింద అర వైపు ఒకసారి చూసి, మామ్మని సైకిలు వెనక ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి నెలలో మామ్మ మనిషి చేత కబురంపింది. స్వామి మొక్కు ఆలకించాడు, పిల్ల అయ్యింది, పేరంటానికి తప్పకుండా రావాలి అని. సిస్టరు గారూ నేనూ వెళ్ళాం. పందిట్లో కుర్చీ మీద పిల్లని పట్టుచీరతో కూర్చోబెట్టారు. జడ నిండా పూలు. మామ్మ కాలు ఒకచోట నిలవట్లేదు, వచ్చిన వాళ్ళందరికీ చిమ్మిలి ఉండలు తనే పెడుతోంది. నా చేతిలో రెండు పెట్టింది. కొంగున ముడేసుకున్నాను.

అక్షింతలు వేసే వేళకి మేనత్త ఫోనులో కువైట్ కలిపి పిల్ల మొహానికి ఎదురుగా పట్టుకుంది. తల్లి ఆ ఇంటి వంటగదిలో ఉంది, చంకలో ఎవరి పిల్లాడో.

"ఎప్పుడయ్యావే అమ్మా?" అని అడిగింది, ఏమీ తెలియనట్టు.

"మొన్ననేనమ్మా," అంది పిల్ల, మొదటిసారి చెబుతున్నట్టు.

మామ్మ పక్కనే నిలబడి పొంగిపోతోంది. తల్లి నవ్వబోయింది. ఎప్పుడూ అనే మాటే, అందరికీ తెలిసిన సరదా మాటే, మళ్ళీ అంది.

"నేనొచ్చేదాకా ఆగమన్నాను కదే."

పందిట్లో అందరూ నవ్వారు.

"ఆగేనమ్మా," అంది పిల్ల.

దానికీ నవ్వారు. తల్లి మొహం ఫోనులోంచి తప్పుకుంది. కాసేపు ఆ వంటింటి పైకప్పు, తిరుగుతున్న ఫ్యాను కనిపించాయి. సిగ్నలు పోయినట్టుంది అని మేనత్త ఫోను దులిపింది.