లంబసింగి ఎక్కుడులో ఆగని ఇంజిను

2022 చలికాలం. గూడెం కొత్తవీధిలో, చింతపల్లి వైపు వెళ్లే రోడ్డు పక్కన నాది చిన్న డీజిల్ మెకానిక్ షెడ్డు. నా పేరు యోహాను. చుట్టుపక్కల జీపుల వాళ్లందరికీ మాత్రం మేస్త్రీనే. ఈ కొండల్లో బస్సు తక్కువ, జీపే ఆధారం. అందుకని నా దగ్గరికొచ్చే ప్రతి బండి వెనకా ఎవరిదో సంత సరుకో, పరీక్షో, ఆస్పత్రో ఉంటుంది. ఆ ఉదయం వచ్చిన బండి వెనక ఒక తల్లి ప్రాణం ఉంది.

మంచు ఇంకా విడలేదు. బుజ్జిబాబు జీపు కనబడక ముందే దాని పొగ వాసన వచ్చింది. డీజిల్ పొగ కాదు, ఆయిల్ మాడిన వాసన. బుజ్జిబాబు సీలేరు రోడ్డులో మనుషుల్ని తిప్పే కుర్రాడు. బండిని బాగానే చూసుకుంటాడు. బానెట్ ఎత్తితే ఇంజిన్ అంతా ఆయిల్ చిమ్మి ఉంది. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ దాని గొట్టంలోంచి పైకి తన్నుకొచ్చి వేలాడుతోంది. నడుస్తున్న ఇంజిన్ మీద ఆయిల్ మూత తీశాను. లోపలినుంచి గాలి నా అరచేతిని తోసేసింది.

డీజిల్ మండినప్పుడు పుట్టే గ్యాసులో కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి జారి, కింద ఆయిల్ ఉండే గదిలోకి దిగుతుంది. ఆ గదిని క్రాంక్‌కేస్ అంటారు, అలా జారిన గ్యాసును బ్లో-బై అంటారు. ఎంత కొత్త ఇంజిన్‌లోనైనా అది కొంచెం ఉంటుంది. బయటికి పోవడానికి బ్రీదర్ అనే పైపు ఒకటి పెడతారు. ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే టర్బో ఉన్న బళ్లలో ఆ పైపును టర్బో గాలి పీల్చే చోటికి కలిపేస్తారు. గ్యాసు మళ్లీ ఇంజిన్‌లోకే వెళ్లి మండిపోతుంది. మధ్యలో సెపరేటర్ అనే చిన్న డబ్బా, గ్యాసుతో వచ్చే ఆయిల్ తుంపరను పట్టి కిందికి దించుతుంది. మా చలికి, కొంచెం దూరం నడిపి ఆపేసే తిరుగుడుకి ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. లోపలి ఆవిరి ఆయిల్‌తో కలిసి వెన్నలాంటి జిగురవుతుంది. బుజ్జిబాబు బండి సెపరేటర్ నిండా ఆ జిగురే. లోపలున్న రబ్బరు పొర కూడా చిరిగిపోయింది.

అంతవరకే అయితే నాకు దిగులు లేదు. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు కింది కొస విప్పాను. ఆయిల్ ధారగా కారింది. సెపరేటర్ ఆపలేని ఆయిలంతా టర్బో మింగి అక్కడ నిలవ చేసింది.

డీజిల్ ఇంజిన్‌కు నిప్పురవ్వ అక్కర్లేదు. మండే చమురు ఏది దొరికినా మండించుకుంటుంది. ఆ నిలవ ఆయిల్ గాలితో పాటు లోపలికి పోతే తాళం తిప్పినా ఆగదు, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినా ఆగదు. ఇంకా ఇంకా వేగం పుంజుకుని చివరికి పగిలిపోతుంది. దాన్ని రన్‌అవే అంటారు. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక లారీ అలా పోవడం కళ్లారా చూశాను. ఆ అరుపు మర్చిపోలేదు.

బండి వదిలెయ్యమని, నర్సీపట్నం నుంచి కొత్త సెపరేటర్ తెప్పిస్తానని చెప్పాను. బుజ్జిబాబు నా మొహంలోకి చూడకుండా జీపు వెనక వైపు చూశాడు. మధ్య సీట్లో అతని భార్య సత్యవతి, ఆమె భుజానికి ఆనుకుని బుజ్జిబాబు తల్లి కాసులమ్మ. కాసులమ్మకు రెండు కిడ్నీలూ పనిచెయ్యవు. వారానికి రెండుసార్లు నర్సీపట్నం తీసుకెళ్లి డయాలసిస్ చేయిస్తారు. మొహం, కాళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. వెనక్కి వాలితే ఊపిరాడదని నిటారుగా కూర్చుంది.

"ఈ వేళ ఎల్లకపోతే అమ్మ ఉండదు మేస్త్రీ," అన్నాడు. "పోయిన వంతు కూడా ఈ బండి వల్లే తప్పిపోనాది."

అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే వేరే కేసు మీద కొండ అవతల ఉందన్నారు. తెల్లవారి బస్సు వెళ్లిపోయింది. సంత రోజు కావడంతో జీపులన్నీ ఎప్పుడో కదిలిపోయాయి. కాసులమ్మ నన్ను దగ్గరికి పిలిచి బండికి ఏమైందని అడిగింది. లోపలి గ్యాసుకు దారి మూసుకుపోయిందని చెప్పాను. "నాలాగే దానికీ ఒంట్లోది బయటికి పోవట్లేదేటి బాబూ?" అంది. నవ్వబోయి దగ్గుతో ఆగిపోయింది.

చెయ్యగలిగింది చేశాను. బ్రీదర్ పైపును టర్బో నుంచి తప్పించి పొడుగాటి గొట్టంతో ఒక ఖాళీ ఆయిల్ డబ్బాలోకి దించి, గాలి పోవడానికి మూతకు బెజ్జం పెట్టాను. టర్బో దగ్గర తెరిచి ఉన్న కన్నాన్ని గట్టిగా మూశాను. ఇంటర్‌కూలర్‌ను వంచి, ఊపి, కారినంత కార్చాను. ఇక కొత్తగా ఆయిల్ లోపలికి పోదు. కానీ చలికి గడ్డకట్టిన పాత ఆయిల్ దాని సన్నటి రేకుల మధ్య ఎంత అంటుకుని ఉందో తెలుసుకునే దారి లేదు. కొండ ఎక్కుడులో వేడి గాలి తగిలితే అది కరగొచ్చు. ఆ మాట కూడా బుజ్జిబాబుకు దాచకుండా చెప్పాను.

"అయితే ఎల్లొద్దంటావా?" అన్నాడు.

షెడ్డు మూసి, అతని పక్క సీట్లో కూర్చున్నాను.

బయల్దేరే ముందు ఒకటే మాట, వెనక వాళ్లకు కూడా వినబడేలా చెప్పాను. "ఇంజిను దానంతటది రేగితే తాళం తిప్పు, కానీ తాళం పీకెయ్యకు, స్టీరింగు బిగుసుకుపోద్ది. బ్రేకు బలంగా తొక్కి పట్టు. అయిదో గేరు వేసి క్లచ్ ఒక్కసారి వదిలెయ్యి. క్లచ్ తొక్కి మాత్రం ఉంచకు. దాన్ని ఆపడానికి చక్రాలే దిక్కు."

చింతపల్లి దాకా బాగానే వచ్చాం. రెండు చోట్ల ఆపి డబ్బా చూశాను. అడుగున కాస్త ఆయిల్ చేరింది. గ్యాసు సన్నగా పోతోంది. బుజ్జిబాబు మెల్లగా నడుపుతున్నాడు. కాసులమ్మ ఊపిరి గురగుర ఒక చెవిలో, టర్బో ఈల మరో చెవిలో. రెంటిలో ఏది మారుతుందా అని వింటూ కూర్చున్నాను. ప్రార్థన చేసుకుందామనుకున్నాను గాని మొదటి మాట దాటి ముందుకు పోలేకపోయాను.

లంబసింగి ఎక్కుడు మొదలైంది. మంచులో రోడ్డు కొంచెం దూరమే కనబడుతోంది. ఒక మలుపు తిరిగాక బండి చురుగ్గా లాగింది. మెల్లగా పోనిమ్మన్నాను. "నాను కాలు తీసేసాను మేస్త్రీ," అన్నాడు బుజ్జిబాబు.

ఆ మాట పూర్తయ్యేలోపే ఇంజిన్ గొంతు మారింది. అద్దంలో వెనకంతా తెల్లటి పొగ. అతను తాళం తిప్పాడు. ఆగలేదు. భయంతో క్లచ్ తొక్కేశాడు. చక్రాల బరువు తప్పడంతో ఇంజిన్ పిచ్చెత్తినట్టు అరిచింది. డాష్‌బోర్డు వణికిపోతోంది. బండి వెనక్కి జారడం మొదలైంది; ఎడమ పక్కన లోయ. నేను గేరు, గేరు అంటున్నాను. అతను రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని కొయ్యబారిపోయాడు. కాళ్లు కదలడం లేదు.

వెనకనుంచి కాసులమ్మ మాట వినబడింది. గట్టిగా అనే ఓపిక ఆమెకు లేదు. అంత మోతలో ఆ చిన్న గొంతు అతనికి ఎలా అందిందో నాకు ఇప్పటికీ తెలీదు.

"బుజ్జీ. మేస్త్రి సెప్పినట్టు సెయ్యి, అయ్యా."

అతని కాలు బ్రేకు మీద పడింది. గేరు రాడ్ మీద అతని చెయ్యి, దాని మీద నా చెయ్యి. అయిదో గేరు పడింది. క్లచ్ వదిలేశాడు. జీపు మొత్తం ఎగిరి పడినట్టు కుదిపింది, ముందుకు ఒక గంతు వేసింది, క్లచ్ మాడిన వాసన కొట్టింది, ఇంజిన్ ముక్కి ఆగిపోయింది.

దిగి చక్రాల కింద రాళ్లు పెట్టాను. ఇంటర్‌కూలర్ పైపు విప్పితే పల్చటి వేడి ఆయిల్ నీళ్లలా కారింది. ఇక దాన్ని మళ్లీ స్టార్ట్ చెయ్యనివ్వలేదు. రోడ్డు మధ్యలో నిలబడి, కాఫీ బస్తాలతో వస్తున్న ఒక లారీని ఆపాను. సంగతి విన్న డ్రైవరు, బేగి ఎక్కించమని తనే దిగి వచ్చి కాసులమ్మను ఎత్తి క్యాబిన్‌లో కూర్చోబెట్టాడు. కొడుకూ కోడలూ ఆమెతో వెళ్లారు. లారీ మంచులోకి పోయింది.

నేను బండి దగ్గర ఉండిపోయాను. అక్కడ ఫోన్‌కు సిగ్నల్ లేదు. ఆమె చేరిందో లేదో తెలియకుండా ఆ మధ్యాహ్నమంతా రాతి మీద కూర్చున్నాను. పొద్దు వాలే ముందు, దిగువనుంచి వచ్చిన ఒక బైకు ఆగింది. బుజ్జిబాబు చెప్పి పంపాడట: ఆయాసం తగ్గింది, మిషను మీద ఉంది, టీ అడిగింది.

మర్నాడు జీపును తాడు కట్టి లాగించి షెడ్డుకు తెచ్చాను. కొత్త సెపరేటర్, కొత్త పైపులు, కొత్త క్లచ్ ప్లేట్లు వేశాను. ఇంటర్‌కూలర్‌ను పూర్తిగా ఊడదీసి కడిగాను. రింగులు పరీక్షించాను, అరిగిపోలేదు. బండి ఎప్పటికన్నా బాగా పలికింది. కానీ బుజ్జిబాబు తాళాలు తీసుకోలేదు. ఎక్కుడు తలుచుకుంటే కాళ్లు రావట్లేదన్నాడు. పనయిపోయిందని నేను అనుకున్న చోట, పని ఇంకా సగమే అయిందని అప్పుడర్థమైంది.

ఆగిన బండిలో, షెడ్డులోనే అతన్ని కూర్చోబెట్టాను. తాళం, బ్రేకు, గేరు, క్లచ్. ఆలోచన రాకముందే కాలు పోయేదాకా మళ్లీ మళ్లీ చేయించాను. ఆ తర్వాతి డయాలసిస్‌కు నేనూ పక్కన కూర్చుని వెళ్లాను. ఆనాటి నుంచి ఏ టర్బో బండి రిపేరుకొచ్చినా, డ్రైవరుకు ఆ నాలుగు పనులూ చేతికి, కాలికి నేర్పకుండా తాళం ఇవ్వడం లేదు. సామాను బిగించడంతో బండి బాగవుతుందేమో గానీ, నడిపేవాడి భయం మాత్రం కాలికి పని తెలిస్తేనే తగ్గుతుంది.

నేను పక్కన కూర్చుని వెళ్లిన ఆ డయాలసిస్ రోజు లంబసింగి ఎక్కుడులో, అదే మలుపు దగ్గర, బుజ్జిబాబు పెదాలు బిగించి గేరు మార్చాడు. బండి నింపాదిగా ఎక్కింది. వెనకనుంచి గురగుర వినబడకపోయేసరికి తిరిగి చూశాను. కాసులమ్మ కోడలి భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది.