కావాలనిపించని రోజులు

జైనూరు ఘాట్ రోడ్డు మీద అమ్మే సీతాఫలాలంటే నా భార్య సుజాతకు ప్రాణం. నేను బస్సు డ్రైవర్‌ని. మేముండేది ఆసిఫాబాద్‌లో. డ్యూటీ దిగి సంచి చేతికివ్వగానే గడప మీదే కూర్చుని రెండు పండ్లు తినేసేది. ఓ ఏడాది తెచ్చిన పండ్లు మాత్రం నాలుగు రోజులు గంపలోనే ఉండి నల్లబడి కారిపోయాయి.

"ఎందుకు తినలే?" అని అడిగాను.

"ఏమో, తినబుద్ధి కాలే" అంది. ఆ గొంతులో కోపం లేదు, దిగులు లేదు. అదే నన్ను భయపెట్టింది.

తర్వాత ఒక్కొక్కటే కనిపించాయి. నడుస్తుంటే కుడిచెయ్యి ఊగేది కాదు. చీర కుచ్చిళ్లకు చాలాసేపు పట్టేది. టీవీ పెడితే చూసేది, కట్టేస్తే ఊరుకునేది. అప్పటికి తన వయసు నలభై ఆరు. మొదట చూసిన డాక్టర్ డిప్రెషన్ అన్నాడు. మూడు నెలలు ఆ మాత్రలు వాడినా చెయ్యి బిగుసుకుపోతూనే ఉంది. కరీంనగర్ వెళ్లి న్యూరాలజిస్ట్‌కు చూపించాం. ఎంఆర్ఐలో ఏమీ తేలలేదు. ఆ డాక్టరమ్మ సుజాత చేత వేళ్లు ఆడించి, నడిపించి చూసి "పార్కిన్సన్స్" అంది.

"వణుకు లేదు గద మేడం?"

"అందరికీ ఉండదు."

పండ్ల సంగతి చెప్పాను. ఆమె పెన్ను పక్కన పెట్టింది. "అనుకున్నదానికంటే మంచిది దొరికితే మెదడులో డోపమైన్ అనే రసాయనం పెరుగుతది. 'ఇది బాగుంది, మల్ల చెయ్' అని నేర్పేది అదే. ఈమెకు దాన్ని తయారుచేసే కణాలు తగ్గుతున్నయి. అందుకే చేతులతో పాటు ఆశ కూడా నెమ్మదించింది. మీ మీద ప్రేమ లేక కాదు."

ఆ చివరి మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా మీద ప్రేమ పోయిందనే నెలల తరబడి అనుకున్నాను.

డోపమైన్ లోటు తీర్చే లెవోడోపా మాత్రలు మొదలుపెట్టాక కొన్ని వారాల్లో చెయ్యి వదులైంది. కుర్చీలోంచి లేవడం, మలుపు తిరగడం ఫిజియోథెరపీలో మళ్లీ నేర్పారు. మాత్ర పనిచేసే వేళలోనే సాధన చేయించమని, బాగా చేసిన వెంటనే ఆ మాట ఆమెకు చెప్పమని అన్నారు. అలాగే చేశాను. నడక మెరుగైంది గానీ, దేని కోసమూ ఆమె ఎదురుచూడటం లేదు. డ్యూటీలో ఉన్నంతసేపూ పాత సుజాత కోసం నా మనసు కొట్టుకునేది.

తర్వాత డోపమైన్‌లా పనిచేసే ఇంకో మాత్ర చేర్చారు. రెండు నెలలకు సుజాత ఫోన్‌లో గోళీలు పేల్చే ఆట పట్టింది. మొదట సంబరపడ్డాను. ఏదో ఒకటి ఇష్టపడుతోంది కదా! పొద్దున లేచింది మొదలు అదే. అన్నం మాడింది. స్నానం మరిచింది. నాకు తెలుస్తూనే ఉంది, అయినా కరీంనగర్ వెళ్లినప్పుడు చెప్పలేదు. చెబితే మందు ఆపేస్తారని, ఆ మెరుపు కూడా పోతుందని భయం.

ఒకరోజు వచ్చేసరికి మధ్యాహ్నం వేసుకోవాల్సిన లెవోడోపా అలాగే ఉంది. ఆమె మంచం మీద కదల్లేక పడి ఉంది, ఫోన్ చేతిలోనే ఉంది. లాక్కున్నాను.

"గీ ఆటల ఒక్కటన్న గెలుస్తున్న. ఇంట్ల నేనేం గెలుస్తున్న, చెప్పు?" అని ఏడ్చింది.

ఫోన్ పక్కన పెట్టి, లేవదీసి మాత్ర వేశాను. మర్నాడే సుజాతను కరీంనగర్ తీసుకెళ్లి డాక్టర్‌కు అంతా చెప్పాను.

"తర్వాత చేర్చిన మందుతో కొందరికి ఇట్లయితది. ఆమె తప్పు కాదు" అని సుజాతకు వినపడేలా అంది. నాతో మాత్రం, "ముందే చెప్పాల్సింది" అంది. ఆ రెండో మాత్రను కొద్దికొద్దిగా తగ్గించారు. ఆట పోయింది. దానితో పాటు ఆ హుషారూ చాలావరకు పోయింది.

ఇప్పుడు పొద్దున మాత్ర వేసుకున్నాక గంటకు వీధి చివరిదాకా నడిచి కూరగాయలు తెస్తుంది. ఏవి తేవాలో నేను చెప్పను, తనకే కావాలనిపించాలని. కొన్ని రోజులు ఉత్త చేతులతో వస్తుంది. పాత మనిషి కోసం నాకు ఇంకా బెంగగానే ఉంది. మొన్న చెప్పులు విడుస్తూ, "రేపు బెండకాయ తెస్త. ఇయ్యాల ముదిరిపోయినయ్" అంది. రేపు అనే మాట ఆమె నోట విని ఎన్నాళ్లయిందో!

నాలా ఇంట్లో రోగిని చూసుకునేవాళ్లకు ఒక్కటే చెబుతాను. డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు చెయ్యి, నడక ఎలా ఉన్నాయో రాసుకోవడమే కాదు, మనిషి దేని మీద ఇష్టం పోగొట్టుకున్నారో, కొత్తగా దేన్ని వదల్లేకపోతున్నారో అదీ రాసుకోండి. మందు మీ అంతట మీరే ఆపకండి. మీకు నచ్చిన మార్పైనా సరే, దాచకండి.