బ్రాంచ్ మారితే అంతా తుడిచేసే లైను

కోవిడ్ తర్వాత ఆఫీసులు మళ్లీ తెరిచిన ఏడాది. విశాఖలో, పోర్టుకు వచ్చే లారీల తూకానికి, గేటు కర్ర ఎత్తి దించడానికి సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీలో నేను బిల్డ్ ఇంజనీర్‌ని. రాసిన కోడ్‌ని మెషీన్లో నడిచే ప్రోగ్రాంగా తయారుచేయడమే బిల్డ్. ఆ పని వరసగా చేసుకుపోయేది బిల్డ్ స్క్రిప్ట్. ఒకే కోడ్‌కి వేర్వేరు ప్రతులు ఉంచుతాం, వాటిని బ్రాంచ్‌లంటారు. కొత్త పనులకు ఒకటి, పోర్టులో నడుస్తున్నదానికి మరొకటి.

ఒక మధ్యాహ్నం గేటు సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు.

"ఏటి మేడమ్, కాటా తప్పు సూపిత్తంది! లారీల వరస రోడ్డు మీదకెళ్లిపోనాది. డ్రైవర్లు ఎండలో మాడిపోతన్నారు."

తప్పు చిన్నదే, వెంటనే దిద్దాం. కానీ దాన్ని పంపాలంటే పోర్టు బ్రాంచ్‌కి మారాలి. బ్రాంచ్ మారగానే మా స్క్రిప్ట్ పాత ఫైళ్లన్నీ తుడిచేసి మొదటి నుంచీ బిల్డ్ చేసేది. గంటకు పైగా పట్టింది. అంతసేపూ అతను ఫోన్ చేస్తూనే ఉన్నాడు.

మర్నాడు స్క్రిప్ట్ తెరిచాను. ఆ తుడిచే లైను తీసేస్తే నిమిషాల్లో అయిపోతుంది. అది రాసింది మా సీనియర్ అప్పలరాజు గారు, మల్కాపురం మనిషి. వెళ్లి అడిగాను.

"ఆ లైను ముట్టుకోకమ్మా," అన్నారు.

"ఎందుకు సార్?"

"ఒకపాలి తుడవకుండా బిల్డ్ సేసేం. ఏరే బ్రాంచ్ ఫైలు లోపల ఉండిపోనాది. లారీ దాటకుండానే గేటు కర్ర దిగిపోనాది. అద్దం పగిలి డ్రైవర్ కంటికి తగిలింది. ఆస్పత్రికి నానే తీసుకెల్లేను. కన్ను దక్కింది గానీ... ఆ రోజే రాసేనమ్మా అది."

లైను తీయలేదు. ఇద్దరం కలిసి కూర్చున్నాం. ప్రతి బ్రాంచ్‌కీ విడిగా ఒక ఫోల్డర్ ఇచ్చాం. ఒకదాని ఫైళ్లు మరొకదానిలో కలవవు కాబట్టి, మారినవి మాత్రం మళ్లీ బిల్డ్ చేస్తే చాలు. తయారైన ప్రతి ఫైలులోనూ దాని బ్రాంచ్ పేరు ఉండేలా చేశాం. పరాయి పేరు కనిపించినప్పుడే పాత లైను ఆ ఫోల్డర్ మొత్తం తుడిచేస్తుంది.

అప్పలరాజు గారు ఊరికే నమ్మలేదు. వేరే బ్రాంచ్ ఫైలొకటి నాకు చెప్పకుండా తెచ్చి అందులో పెట్టారు. స్క్రిప్ట్ పట్టేసింది. ఇంకో చోట దాచి చూశారు. మళ్లీ పట్టేసింది.

"సరేనమ్మా, ఇంక దీన్నే పెట్టీ," అన్నారు కుర్చీలో వెనక్కి వాలి.

ఆ తర్వాత వచ్చిన తప్పుకి, మేం టీ తాగి వచ్చేలోపే కొత్త ప్రోగ్రాం గేటుకి చేరిపోయింది.

వేగం పెంచడమంటే అడ్డున్న లైన్లు కొట్టేయడమే అనుకునేదాన్ని. ఇప్పుడు నెమ్మదిగా నడిచే లైను కనిపిస్తే, ముందు దాన్ని రాసిన మనిషి దగ్గరికెళ్లి కూర్చుంటాను.