మేడం గొంతు

కొన్నేళ్లుగా ఒక విషయం నాలోనే ఉండిపోయింది. దాని బరువు అలవాటైపోయింది కూడా. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది కమలాపురం దగ్గర పల్లె. కువైట్‌లో ఒకరి ఇంట్లో పిల్లల్ని పెంచి తిరిగొచ్చాను. అప్పటినుంచి మా ఊళ్లో ఎవరు బయటి దేశం పోవాలన్నా ముందు నా దగ్గరికి వస్తారు. మా వైపు ఒక పద్ధతి ఉంది. విమానం ఎక్కకముందే పనికి పోబోయే ఇంటి మేడం గొంతు ఫోన్లో వినాలి. వెనక పిల్లల అల్లరి, గిన్నెల చప్పుడు వినిపిస్తే ఆ ఇల్లు నిజంగా ఉందని నమ్ముతాం. లేకపోతే పోవద్దంటాను.

శైలజ మా పక్కింటి ఓబులమ్మ కూతురు. డిగ్రీ అయిపోయింది. ఏదో సైట్లో ఐరోపా కుటుంబం ఒకటి దొరికిందని ఫోన్ తెచ్చి చూపించింది. ఆ పనిని ఓ పేర్ అంటారట. వాళ్లింట్లోనే ఉంటూ పిల్లల్ని చూసుకోవాలి. పనిమనిషి కాదట, ఇంటి మనిషేనట. వాళ్లతోపాటే బల్ల దగ్గర భోజనమట, సాయంత్రం వాళ్ల భాష నేర్చుకోవడానికి బడికి కూడా పంపుతారట. వీడియోలో మాట్లాడదామంటే కెమెరా పాడైందన్నారు. వీసా చూసే వకీలుకు మాత్రం వెంటనే డబ్బు పంపమన్నారు.

“అత్తా, వీళ్లు మంచోళ్లేనా? నువ్వు సరే అంటే మాయమ్మ ఆవుల్ని అమ్ముతా అంటాంది.”

ఆ మేడం గొంతు విన్నావా అని అడగాలి. నోటిదాకా వచ్చింది. రమ్మని పిలిచే ఇంటివాళ్లే పిల్లను డబ్బు అడుగుతున్నారంటే అది మోసమని అప్పుడే అర్థమైంది నాకు.

“బాగుండారు పాపా. పో,” అన్నాను.

ఎందుకన్నాను? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు. నేను కువైట్‌లో ఉన్నన్నాళ్లూ వంటింట్లో నేల మీద కూర్చుని వాళ్లు తినగా మిగిలింది తిన్నాను, ఈ పిల్లేమో వాళ్ల సరసన బల్ల దగ్గర కూర్చుంటుందట, అది నాకు కడుపుమంటగా ఉండింది. ఒక్క క్షణం బుద్ధి గడ్డి తిన్నదని సరిపెట్టుకుందామంటే అదీ నిజం కాదు. మరునాడు ఓబులమ్మ ఆవుల్ని తోలుకుపోతుంటే గడపలో నిలబడి చూశాను. అప్పుడైనా పిలిచి చెప్పొచ్చు. చెప్పలేదు.

డబ్బు చేరగానే ఆ కుటుంబం మాయమైంది. ఓబులమ్మ ఇప్పుడు కూలికి పోతోంది. శైలజ కడపలో బట్టల కొట్లో రోజంతా నిలబడి పని చేస్తోంది. సెలవు దొరికితే వస్తుంది, సంగటి తెచ్చి ముందు నాకు పెట్టి, తర్వాత పక్కనే కూర్చుని తింటుంది. నేనూ తింటాను గానీ నోటికి దాని రుచి తెలియదు.

మొన్న తింటూ తింటూ, ఆ రోజు నేను సరిగ్గా చూసుంటే బాగుండేది కదా అన్నాను. అంతవరకే అనగలిగాను.

“నువ్వేం చేస్తావులే అత్తా. నీకు తెలిసింటే చెప్పవా?”

నేను తలూపాను. ఆమె ఇంకో ముద్ద నా పళ్లెంలో వేసింది.

నాకు తెలుసు. ఆమెకు చెప్పలేని ఈ రెండు మాటలు మీకు చెప్పాను. ఏడుపేమీ రాలేదు. కొంచెం ఊపిరి ఆడుతోంది, అంతే.