కనకమ్మ సత్రం ఫోనులో వచ్చిన గొంతు

1957లో నేను తిరువళ్ళూరు సబ్ స్టేషన్లో సూపర్‌వైజర్‌ని. చుట్టుపక్కల ఊళ్ళకు కరెంటు మోసుకుపోయే ఫీడర్ లైన్లన్నీ అక్కడి నుంచే బయలుదేరేవి. పేరుకు నా పని స్విచ్చులు, మీటర్లు చూసుకోవడం. నిజానికి సగం రోజు మనుషుల మధ్య మాట సరిగ్గా నడిచేలా చూడడంతోనే గడిచేది.

లైను మీద పని చేయాలంటే లైన్‌మన్ ముందుగా 'లైన్ క్లియర్' తీసుకోవాలి. అంటే, మేము స్విచ్చు తీసేసి, లైనులో కరెంటు లేదని అతనికి మాట ఇస్తాం. పని ముగిసి, అందరూ స్తంభాలు దిగాక, అదే మనిషి ఫోను చేసి లైను తిరిగి అప్పగించాలి. ఆ తరువాతే స్విచ్చు వేస్తాం. పైనున్న వాళ్ళ ప్రాణాలు ఆ ఒక్క మాట మీదే ఉండేవి.

మా ఆపరేటర్ దొరసామి, లైన్‌మన్ చెంగల్రాయుడు ఒకే ఊరివాళ్ళు. ఒకప్పుడు చెంగల్రాయుడు నోరు తెరిస్తే దొరసామిని "అన్నా" అనేవాడు. ఒకసారి కరెంటు ఆలస్యమైనందుకు పైఅధికారి గద్దిస్తే, దొరసామి అందరి ముందూ తప్పు అతని మీదికి నెట్టాడు. ఆనాటి నుంచి వాళ్ళ మధ్య మాటల్లేవు. ఇద్దరినీ కూర్చోబెట్టి చూశాను. బతిమాలాను, కోప్పడ్డాను కూడా. ఫోనులో పనికి అవసరమైన రెండు ముక్కలు తప్ప ఇంకేమీ మాట్లాడుకునేవాళ్ళు కాదు. చివరికి అది వాళ్ళ సొంత విషయమని వదిలేశాను.

తిరుత్తణి కొండ మీది స్వామికి జరిగే ఆడికృత్తిక పండుగ ముందు రోజు, తిరుత్తణి ఫీడర్ మీద కనకమ్మ సత్రం అవతల తీగ బిగించే పని పడింది. పొద్దున్నే చెంగల్రాయుడు లైన్ క్లియర్ తీసుకుని మనుషులతో వెళ్ళాడు. మధ్యాహ్నమయ్యేసరికి తిరుత్తణి నుంచి ఒకటే ఒత్తిడి. కొండకు జనం వచ్చేస్తున్నారు, నీళ్ళ పంపు ఆగిపోయింది, కరెంటు ఎప్పుడిస్తారని.

ఎండ భగ్గుమంటోంది. అప్పుడు కనకమ్మ సత్రం రేకుల షెడ్డులో ఉన్న మా డిపార్టుమెంటు ఫోను నుంచి వచ్చే లైను మీద, మా కంట్రోల్ రూములో గంట మోగింది. దొరసామి రిసీవర్ ఎత్తాడు. పక్కనే నిలబడ్డ నాకూ మాటలు స్పష్టంగా వినిపించాయి.

"అన్నా, పని అయిపోయినాది. అందరం దిగేసినాము. లైను ఇచ్చేయి."

గొంతు చెంగల్రాయుడిదే. దొరసామి కళ్ళు తడిశాయి. ఆ పిలుపు విని చాలా కాలమైంది. స్విచ్చు మీద చెయ్యి వేసి కూడా, ఆగలేక అడిగాడు. "సెరి తమ్ముడా. సాపాటు అయిందా?"

అవతల నుంచి అదే స్వరంలో, అంతే నెమ్మదిగా: "అన్నా, పని అయిపోయినాది. అందరం దిగేసినాము. లైను ఇచ్చేయి."

"తిన్నావా అని అడిగితిని రా!"

మళ్ళీ అవే మాటలు. దొరసామి స్విచ్చు మీది చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రిసీవర్ నా చేతికిచ్చాడు. నేను విన్నాను. ఆ ఫోనులో ఎప్పుడూ గాలి హోరు, రోడ్డు మీది బండ్ల చప్పుడు వచ్చేవి. ఆ పూట ఏమీ లేవు.

"గొంతు వానిదే సార్," అన్నాడు దొరసామి. "మాటకీ మాటకీ నడాన ఊపిరే లేదు."

స్విచ్చు ముట్టుకోవద్దని చెప్పి, లారీ వేసుకుని నేనే బయలుదేరాను. కనకమ్మ సత్రంలో షెడ్డుకు తాళం వేసి ఉంది. పొలాల్లోకి నడిచాను. దూరంగా స్తంభాల మీద ముగ్గురు మనుషులు. నడిమి స్తంభం మీద తీగను రెండు చేతులా పట్టుకుని చెంగల్రాయుడు ఉన్నాడు.

కిందికి రమ్మని ఫోను సంగతి చెప్పాను. షెడ్డు తాళంచెవి అతని మొలతాడుకే కట్టి ఉంది. అతను స్తంభం పైకి చూశాడు.

"అవి నేను అనుకొన్న మాటలు సార్. పని కాగానే ఫోను చేసి, ఈపొద్దన్నా 'అన్నా' అని పిలవాల అని పైన కూర్చోని అదే అనుకొంటా ఉండినాను. నోరు మాత్రం తెరవలేదు."

తరువాత ఒక టెలిఫోన్ ఇంజనీరు వచ్చి చూశాడు. పక్కనే కరెంటు లైను పోతుంటే ఇండక్షన్ వల్ల, తాకకుండానే ఫోను తీగల్లో కరెంటు పుట్టి గంట దానంతటదే మోగుతుందన్నాడు. ఆ పూట ఆ లైనులో కరెంటే లేదని గుర్తుచేశాను. ఆయన తన సామాను సర్దుకున్నాడు.

ఫోను మోగిన రోజు సాయంత్రం, పని ముగించుకుని, చెంగల్రాయుడు కంట్రోల్ రూము గుమ్మంలో నిలబడ్డాడు. దొరసామి లేచి వెళ్ళి, ఊపిరి ఆడుతోందో లేదో అని, ముందు అతని గుండె మీద చెయ్యి ఆనించి చూశాడు.

అప్పటి నుంచి మా స్టేషన్లో, లైను అప్పగిస్తున్న మనిషిని పనికి సంబంధం లేని ప్రశ్న ఒకటి అడిగి, దానికి తగిన జవాబు వచ్చాకే స్విచ్చు వేయాలని కట్టడి చేశాను. నా కింద పనిచేసే ఇద్దరు పలకడం మానేస్తే, అది వాళ్ళ సొంత విషయమని మళ్ళీ ఎన్నడూ వదిలేయలేదు. మనిషి లోపల మింగేసిన మాట ఎక్కడికి పోతుందో నాకు తెలియదు. ఆ రోజు మాత్రం అది మా ఫోనులోకి వచ్చింది.