తాళాల బాబాయి కడుపులో ఇద్దరు

మా బాబాయిది ఇళ్లు అద్దెకిప్పించే పని. నడుముకు ఎప్పుడూ తాళాల గుత్తి వేలాడేది కాబట్టి వీధిలో అందరికీ తాళాల బాబాయి. చీకటి కొట్టును చల్లటి గది అని, రైలు పట్టాల పక్క వాటాను ఒంటరితనం తెలియని ఇల్లు అని ఒప్పించగల నోరు ఆయనది.

కడుపునొప్పి వస్తే అజీర్తి అని ఆ నోటితోనే తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. చివరికి గొట్టం వేసి, ముక్క తీసి పరీక్షిస్తే జీర్ణాశయంలో క్యాన్సర్ గడ్డ అన్నారు. మందులు ఎక్కించాక, గడ్డ కరిగిందని స్కానింగ్ గదిలో ఎవరో అనడం విని బాబాయి వీధంతా స్వీట్లు పంచేశాడు. మర్నాడు డాక్టరమ్మ పిలిచి, ఒక పక్క కరిగింది గానీ రెండో పక్క పెరిగిందని చెప్పింది. పంచిన స్వీట్లు వెనక్కి అడగలేం కదా.

పెరిగిన చోట మళ్లీ ముక్క తీశారు. అది వేరే రకం క్యాన్సర్. ఒకే గడ్డలో రెండు రకాలు కలిసి ఉండడం చాలా అరుదట. మొదటి ముక్కలో ఒకటే పడిందట. బాబాయి తెల్లముఖం వేస్తే డాక్టరమ్మ ఆయన తాళాల గుత్తి వైపు చూసింది.

"ఒకే వాటాలో ఇద్దరున్నారండీ. మన నోటీసు ఒకడికే అందింది. రెండోవాడు కాళ్లు బార్లా చాపుకున్నాడు."

"నాకు చెప్పకుండా మొదటివాడు ఇంకొకణ్ణి దింపాడా?" అన్నాడు బాబాయి, నిజంగానే కోపంగా.

రెండోవాడికి సరిపడే మందులు మొదలుపెట్టారు. జుట్టు ఊడింది గానీ నోరు పడిపోలేదు. తన గడ్డ ఎంత అరుదైనదో కనబడ్డవాళ్లందరికీ గొప్పగా చెప్పుకు తిరిగేవాడు. నాకు ఒళ్లు మండేది. పిన్నికి ఆయన దక్కుతాడా లేదా అన్న భయం తప్ప ఇంకేమీ పట్టేది కాదు.

గడ్డ తగ్గాక ఆపరేషన్ చేస్తామన్నారు. దానికి ముందు తాళాలు తీసెయ్యమన్నారు. పిన్ని ఆ గుత్తిని ఒళ్లో పెట్టుకుని, చప్పుడు రాకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చుంది. అది చూశాకే నాకూ గట్టిగా భయమేసింది.

జీర్ణాశయం మొత్తం తీసేసి, అన్నవాహికను పేగుకు కలిపారు. తీసినదాన్ని పరీక్షించిన రిపోర్టుతో డాక్టరమ్మే గదికి వచ్చింది. చుట్టుపక్కల గ్రంథుల్లో రెండు రకాల్లో ఏదీ లేదంది. అయినా తనిఖీలకు వస్తూ ఉండాలని, మళ్లీ వస్తే తొందరగా పట్టుకోవాలని హెచ్చరించింది.

"ఎక్కడికొస్తారండీ? ఇల్లే కూల్చేశారుగా" అన్నాడు బాబాయి, ఓపిక లేని గొంతుతో.

పిన్ని నవ్వింది. నవ్వూ ఆగలేదు, ఏడుపూ ఆగలేదు. ఆపరేషన్ నాటి నుంచి ఆమె నడుముకే ఉన్న తాళాల గుత్తి గదంతా మోగిపోయింది.