మళ్లీ వేలు పెట్టండి

"వేలు పెట్టండి."

చీకట్లో ఆ మాట వినగానే నా చెయ్యి ముందు పిల్లల మీదికి వెళ్లింది. ఇద్దరూ ఉన్నారు. నిద్రపోతున్నారు. మరి... మాట్లాడిందెవరు?

పిల్లల మీద ఒట్టు వెయ్యను, నాకు భయం. నా మీద ఒట్టు. ఇందులో ఒక్క మాట కూడా కల్పించలేదు.

అప్పుడు రామచంద్రపురంలో అద్దెకుండేవాళ్లం. ఆ రాత్రి మా ఆయన రావులపాలెంలో అరటి గెలల లోడింగుకి వెళ్లారు. నేను ఒక కొత్త కంపెనీలో చేసేదాన్ని. వేలిముద్ర చూసి పింఛను ఇచ్చే చిన్న మిషన్లు వాళ్లవి. గాజు మీద వేలు ఆనిస్తే, మిషనే తెలుగులో మాట్లాడేది. కంపెనీ వరదలా పెరుగుతోంది. వారానికో కొత్త మండలం. ఎవరికీ ఊపిరి తీసుకునే తీరిక లేదు.

నూకాలమ్మ గారిది సముద్రం ఒడ్డున పల్లె. చేపలు ఎండబెట్టి, వలతాళ్లు లాగి, ఆవిడ వేళ్లు నున్నగా అరిగిపోయాయి. పేరు ఎక్కించే రోజున పదిసార్లు పెట్టించాను. ప్రతిసారీ కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ పెట్టేది. ప్రతిసారీ మిషన్ ఒకటే మాట. "ముద్ర పడలేదు. మళ్లీ వేలు పెట్టండి."

"మా ఆయన కూడా ఇన్నిసార్లు నా చెయ్యట్టుకోలేదమ్మా" అని నవ్వింది.

ఇంతలో మేనేజరు ఫోన్. "పక్క మండలం అయిపోయిందండి. మీరింకా ఆ ముసలావిడ దగ్గరే ఉన్నారేంటి మేడం?"

అప్పుడు మా కంపెనీలో వాళ్లంతా చేసేదే నేనూ చేశాను. నా బొటనవేలు పెట్టాను. నూకాలమ్మ పేరు మీద నా ముద్ర పడింది. నెలనెలా వచ్చేది నేనే కదా, నేనే వేలు పెట్టి డబ్బు ఆవిడ చేతికిద్దాం అనుకున్నాను. కొన్నాళ్లు ఇచ్చాను కూడా. తర్వాత నన్ను పిఠాపురం వైపు మార్చేశారు.

చీకట్లో ఆ మాట విన్న రోజు సాయంత్రమే, నా బదులు ఆ పల్లెకి వెళ్లే అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, నూకాలమ్మ గారి వేలు మూడు నెలల్నించీ మిషన్ తీసుకోవట్లేదక్కా. పోయిన వారం కూడా ఉత్త చేతుల్తో వెళ్లింది. తింటందో లేదో. నీకేమైనా తెలుసా?"

చెబితే ఉద్యోగం పోతుంది.

"రేపు చూద్దాంలే" అన్నాను.

ఆ రాత్రే ఇది.

"ముద్ర పడలేదు. మళ్లీ వేలు పెట్టండి."

బీరువా పక్కన మిషన్ సంచి. గుడ్డలోంచి పచ్చటి వెలుగు... ఆరుతోంది, వెలుగుతోంది. మధ్యలో ఇంకో చప్పుడు. స్... స్... కొంగుతో వేలు తుడుచుకుంటున్నట్టు.

"ముద్ర పడలేదు. మళ్లీ వేలు పెట్టండి."

ఆపేద్దామని సంచి తెరిచాను. అప్పుడు గుర్తొచ్చింది. రాత్రిపూట బ్యాటరీ తీసి విడిగా ఛార్జింగ్ పెట్టాలి, అది కంపెనీ రూలు. వంటింటి వైపు చూశాను. గట్టు మీద ఛార్జరు... దాని ఎర్ర లైటు... అందులోనే ఉంది బ్యాటరీ.

స్... స్...

ఎందుకు పెట్టానో తెలియదు. నా బొటనవేలు ఆ గాజు మీద పెట్టాను. గాజు తడిగా ఉంది.

తుడుచుకుంటున్న చప్పుడు ఆగిపోయింది.

"నూకాలమ్మ గారూ... ధన్యవాదాలు."

వెలుగు ఆరిపోయింది.

తెల్లారి మొదటి బస్సుకి ఆ పల్లెకి వెళ్లాను. ఆవిడ గుమ్మానికి గొళ్లెం పెట్టి ఉంది. మొన్ననే పోయిందన్నారు. అంటే... నాకు ఫోన్ రాకముందే. మరి ఆ రాత్రి మాట్లాడింది మిషనా, నా భయమా? ఇప్పటికీ తెలియదు. ఎందుకంటే, ఆ పొద్దున బస్సుకి బయలుదేరే ముందు మా పెద్దది లేచి ఒక మాటంది.

"అమ్మా, రాత్రంతా 'వేలు పెట్టండి, వేలు పెట్టండి' అని నువ్వే అంటున్నావేంటి? నూకాలమ్మ ఎవరు?"

బొటనవేలు కొంగులో దాచుకున్నాను.

"ఆవిడ వస్తువొకటి నా దగ్గర ఉండిపోయిందమ్మా. ఇచ్చేసి వస్తాను. తమ్ముడు లేస్తే పాలు తాగించు" అని చెప్పాను.